రెండు వేళ్ళ సందు

వెర్నియర్ అన్నది అతని అసలు పేరు కాదు. అసలు పేరు జీతం స్లిప్పు మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. ఇరవై ఏడేళ్ళుగా ఫ్యాక్టరీలో అతని పని ఒక్కటే. మిషన్ల మీంచి దిగివచ్చిన సామాన్లని బల్ల మీద పెట్టి, వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి, వెంట్రుకవాసి తేడా ఉన్నా ఎర్ర రంగు పూసి పక్కన పడెయ్యడం. పెళ్ళిచూపులకి వెళ్ళి కూడా కొలతలు కుదరలేదని తిరిగొచ్చాడని తోటివాళ్ళ జోకు. యాభై రెండేళ్ళొచ్చినా ఒంటిగాడు. ఆ జోకుకి నవ్వనిది అతనొక్కడే.

అతనికి ఉన్నదల్లా ఒక తమ్ముడు. తమ్ముడు కార్ల సీట్లు కుడతాడు. చేతిలో సూది ఆడుతున్నంతసేపూ నోరు కూడా ఆడాల్సిందే. అన్న నాలుగు రోజుల్లో మాట్లాడేది తమ్ముడు టీ తాగుతూ మాట్లాడేస్తాడు. ఇద్దరికీ పోలికే లేదు, ఒక్క పిచ్చిలో తప్ప. ఆ పిచ్చి ఇంటి పక్క షెడ్డులో, నాలుగు ఇనుప స్టాండ్ల మీద, మోకాలెత్తున కూర్చుని ఉంది. రెండే సీట్లున్న పాత స్పోర్ట్స్ కారు. తొమ్మిదేళ్ళ కిందట ఎవరిదో కూలిన గోడ కిందనుంచి బయటికి లాగి తెచ్చారు. సెలవొస్తే చాలు, ఇద్దరూ అందులోనే. ఇంజను విప్పారు, బిగించారు, మళ్ళీ విప్పారు. తమ్ముడు సీట్లు కుట్టాడు, పసుపు రంగు తనే కొట్టాడు. కానీ తొమ్మిదేళ్ళలో ఆ కారు ఒక్కసారి కూడా నేల మీద నిలబడలేదు. "మాకేం తక్కువమ్మా, ఇంట్లో కారుంది. ఎటెళ్ళాలన్నా బస్సు ఎక్కాలి, అంతే," అని తమ్ముడి భార్య పక్కింటివాళ్ళ దగ్గర ఆడిపోసుకునేది.

ఇలా ఉండగా తమ్ముడికి తలనొప్పులు మొదలయ్యాయి. సూదిలో దారం ఎక్కించడానికి మూడుసార్లు, నాలుగుసార్లు పట్టేది. వయసొస్తోందిలే అని నవ్వేశాడు. చివరికి మరదలే రెక్క పుచ్చుకుని ఆస్పత్రికి లాక్కెళ్ళింది. కళ్ళ వెనక నరాల మీద గడ్డ ఉందన్నారు. తియ్యకపోతే ప్రాణానికే ముప్పు. తీస్తే ప్రాణం దక్కుతుంది, చూపు దక్కుతుందని మాత్రం చెప్పలేను అన్నాడు డాక్టరు. కాస్త కూడా చెప్పలేరా అని వెంట వెళ్ళిన వెర్నియర్ నిలదీశాడు. డాక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "ఆశ పెట్టుకోకండి," అన్నాడు. సోమవారం పొద్దున్నే ఆపరేషన్. ఆదివారం సాయంత్రం ఆరింటికల్లా వచ్చి చేరాలి. చేతిలో మిగిలింది పదకొండు రోజులు.

తిరిగొస్తూ బస్సులో తమ్ముడు చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆ నోరు మూతపడటం అన్న ఎప్పుడూ చూడలేదు. భయమేసింది.

"అన్నా, కారుకి ఇంకేం మిగిలింది?"

"బ్రేకులు. చక్రాలు."

"ఆ ఆదివారం లోపల అయిపోతుందా?"

"ఏం?"

"ఒక్కసారి నడపాలని ఉంది. కళ్ళతో రోడ్డు చూస్తూ, ఒక్కసారి. ఆ తర్వాత దాన్ని నువ్వు అమ్ముకున్నా సరే, నేను అడగను."

చూసి చెబుతా అనడం వెర్నియర్‌కి అలవాటు. కొలవకుండా దేనికీ మాటివ్వడు. ఆ రోజు మాత్రం "అయిపోతుంది" అనేశాడు.

ఊరి చివర మూతపడ్డ సిమెంటు ఫ్యాక్టరీ వెనకాల మూడు కిలోమీటర్ల రోడ్డుంది. లారీలు ఆగిపోయాక అటు పిట్ట కూడా పోదు. ఈ చివరనుంచి ఆ చివరికి గీత గీసినట్టు ఉంటుంది. వాచ్‌మన్ తెలిసినవాడే. విషయం విని, "గేటు తీసి పెడతా సార్, ఎంతసేపైనా తిప్పుకోమనండి," అన్నాడు. అన్న పక్కన కూర్చోవాలి, తమ్ముడు నడపాలి. అనుకున్నది అంతే, పెద్ద కోరికేం కాదు.

ఇక చక్రాల సంగతి చెప్పాలి. కారుతో వచ్చిన పాత చక్రాలు ఉండాల్సినవే. అంతకు ముందటేడు వాటిని తోమి చూస్తే ఒకదానికి సన్నటి పగులు కనపడింది. ఫ్యాక్టరీలో ఒక పద్ధతుంది. పనికిరాదని తేల్చిన సామాన్ని అలాగే ఉంచకూడదు, ఎవడో ఒకడు పొరపాటున వాడేస్తాడు, అందుకని పగలగొట్టి కొలిమికి పంపాలి. వెర్నియర్ సమ్మెట పుచ్చుకుని నాలుగింటినీ పగలగొట్టాడు. "మిగతా మూడూ బాగానే ఉన్నాయి కదన్నా?" అని తమ్ముడు మొత్తుకుంటే, "నాలుగూ ఒక ఈడువే," అన్నాడు. ఆ మాటకి ఎదురు లేదు.

కొత్త చక్రాలు దొరకడం అంత తేలిక కాదు. ఆ కారు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. వేరే వాళ్ళు చేసినవి వెతికి వెయ్యాలి, పైగా చక్రం గుండ్రంగా ఉంటే సరిపోదు. నాలుగు బోల్టుల మధ్య దూరం సరిగ్గా కుదరాలి. నడిమి రంధ్రం కారు ఇరుసు మీద వదులు లేకుండా కూర్చోవాలి. చక్రం లోపలికెంత పోతుంది, బయటికెంత వస్తుంది అనేదానికి మళ్ళీ ఒక లెక్క, దాన్ని ఆఫ్‌సెట్ అంటారు. లోపలికి ఎక్కువైతే కారు ఫ్రేముకి తగులుతుంది, బయటికి ఎక్కువైతే మడ్‌గార్డుకి తగులుతుంది. వెర్నియర్ రెండు రోజులు సెలవు పెట్టి షెడ్డులో మోకాళ్ళ మీద కూర్చుని ఇవన్నీ కొలిచాడు. ఒక్కొక్కటి మూడేసి సార్లు. అట్ట ముక్క కోసి బ్రేకు ఆకారం తీసుకున్నాడు. చక్రాల గూడులో చెయ్యి పెట్టి పైనా, లోపలా, బయటా సందు చూసుకున్నాడు. బోలెడంత ఖాళీ ఉంది. పాత చక్రాలకంటే పెద్దవి, వెడల్పువి వేసినా అన్ని వైపులా రెండు వేళ్ళ సందు మిగులుతుందని లెక్క తేలింది.

వీల్స్ షాపాయన బట్టతల మనిషి. గోడలనిండా వేలాడదీసిన చక్రాల కింద చిన్న స్టూలు వేసుకుని కూర్చుంటాడు. కొలతల కాగితం అంతా చదివి, మెచ్చుకోలుగా తలూపాడు.

"ఇంత నీటుగా రాసి తెచ్చినవాళ్ళని నేను చూళ్ళేదండీ. అయినా ఒకసారి కారు తెప్పిస్తారా? ఒక్క చక్రం బిగించి, నేల మీదికి దించి, స్టీరింగు అటూ ఇటూ పూర్తిగా తిప్పి చూస్తే నాకు ధైర్యం. మేం అందరికీ అలాగే చేస్తాం."

"కారు స్టాండ్ల మీదుంది. రాదు."

"పోనీ నేనే ఒక చక్రం పట్టుకొస్తా. సాయంత్రం గంట పని."

"ఏం, కొలతల్లో తప్పు కనపడిందా?"

"అయ్యో, తప్పని కాదండీ..."

"ఇరవై ఏడేళ్ళుగా ఇదే నా పని. నేను కొలిచాక మళ్ళీ కొలిచినవాడు లేడు."

షాపాయన చేతులు జోడించి ఊరుకున్నాడు. మనిషికి నైపుణ్యం ఉండటం మంచిదే, దాన్ని పట్టుకుని ఎదుటివాడి నోరు నొక్కేయడం ఏం మంచి చెప్పండి! పక్కనే ఉన్న తమ్ముడు కూడా గొంతు తగ్గించి, "రానియ్యి అన్నా, పోయేదేముంది," అన్నాడు. వెర్నియర్ వినిపించుకోలేదు.

నల్లవి బాగుంటాయని షాపాయన చూపిస్తే తమ్ముడు వద్దన్నాడు. "మెరిసేవి కావాలండీ. కనపడుతున్నప్పుడే కాస్త కళ్ళనిండా చూసుకుంటా," అని నవ్వాడు. షాపాయన లేచి మెరిసేవి కిందికి దించాడు. అద్దంలా మెరిసే ఆ పెద్ద చక్రాలకి టైర్లు తొడిగించి, శుక్రవారం సాయంత్రం ఆటోలో వేసి పంపాడు. నడిమి రంధ్రం కాస్త పెద్దదైతే, ఆ తేడా పూడ్చే రింగులు వెర్నియరే ఫ్యాక్టరీ లేత్ మీద చేయించి తెచ్చాడు. చుక్క తేడా లేదు వాటిలో.

శనివారమంతా బ్రేకులకే సరిపోయింది. తమ్ముడు లోపల కూర్చుని పెడలు తొక్కుతుంటే, అన్న కింద పడుకుని పైపుల్లో గాలి తీశాడు. తొక్కు, పట్టు, వదులు. తొక్కు, పట్టు, వదులు. మధ్యలో తమ్ముడు పాత కబుర్లు తీశాడు, చిన్నప్పుడు ఇద్దరూ ఒకే సైకిలు మీద బడికెళ్ళడం, వెనక కూర్చున్నవాడే ఎప్పుడూ పడటం. కింద పడుకున్న అన్న కూడా నవ్వాడు.

ఆదివారం తొమ్మిదింటికి చక్రాలు ఎక్కించారు. నాలుగూ వెన్నలా కూర్చున్నాయి. చేత్తో తిప్పితే ఎక్కడా గీరుకోకుండా అలా తిరుగుతూనే ఉన్నాయి. తమ్ముడు ఒక్కో చక్రం ముందూ చతికిలబడి, సందులో వేళ్ళు పెట్టి చూసుకున్నాడు.

"రెండంటే రెండే వేళ్ళన్నా! నువ్వు మనిషివి కాదు బాబూ, మిషన్‌వి."

మరదలు టీ పట్టుకొచ్చి, కారు చుట్టూ ఒకసారి తిరిగింది. "పర్లేదే, పెళ్ళికూతురిలా తయారైంది. నన్నెప్పుడు ఎక్కిస్తారు బావగారూ?" అంది. "ముందు వాడు, ఆ తర్వాత నువ్వేనమ్మా," అన్నాడు వెర్నియర్. అంత హుషారుగా అతను మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు.

పదింటికి కారుని కిందికి దించడం మొదలుపెట్టారు. మొదట వెనకవైపు స్టాండ్లు తీశారు. ఆ తర్వాత ముందువి తీసి, జాకీని కొంచెం కొంచెం వదిలారు. టైర్లు నేలకి ఆనాయి. కారు ఒళ్ళు మెల్లగా కిందికి దిగుతోంది. దిగుతూ దిగుతూ ఒకచోట కర్రుమని చప్పుడైంది.

వెర్నియర్ జాకీ ఇంకొంచెం వదిలాడు. మడ్‌గార్డు అంచు టైరులో దిగబడింది. వంగి, టార్చిలైటు వేసి లోపలికి చూశాడు. లోపలివైపు టైరు పైభాగం ఫ్రేముకి అతుక్కుపోయి ఉంది. స్టీరింగు తిప్పమన్నాడు. తమ్ముడు రెండు చేతులతో బలంగా లాగాడు. చక్రం కదల్లేదు.

ఏమైందో అర్థం కావడానికి అతనికి నిమిషం కూడా పట్టలేదు. స్టాండ్ల మీద ఉన్న కారుకి చక్రాలు కిందికి వేలాడుతుంటాయి. నేల మీద పెడితే బరువంతా స్ప్రింగుల మీద పడి, ఒళ్ళు కిందికి దిగుతుంది, చక్రం గూట్లోకి ఎక్కుతుంది. ఎక్కుతూ తల లోపలికి వంచుతుంది. రోడ్డు మీద నాలుగు రోజులు పనిచేసిన మెకానిక్ ఎవడైనా కళ్ళు మూసుకుని చెప్పే సంగతి ఇది. వెర్నియర్‌కీ తెలుసు. కానీ జన్మంతా బల్ల మీద పెట్టిన సామానే కొలిచాడు. వేడి తగ్గాక, తుడిచాక, ఏ బరువూ లేకుండా కొలవాలన్నదే అక్కడి పద్ధతి. కారుని కూడా అలాగే కొలిచాడు. ప్రతి అంకె సరిగ్గానే ఉంది, కారు జన్మలో నేల మీదికి దిగకపోతే.

"ఏమైందన్నా?"

వెర్నియర్ టార్చిలైటు ఆర్పాడు.

"ఏమైందో చెప్పు."

"కొంచెం తగులుతోంది. ఆగు, చూద్దాం."

ఏం చూస్తాడు? మళ్ళీ పైకెత్తి, గ్రైండరు తీశాడు. మడ్‌గార్డు అంచు కోస్తానన్నాడు. తొమ్మిదేళ్ళుగా తమ్ముడు రాసి, తుడిచి, రంగు కొట్టిన రేకు అది. తమ్ముడు ఒక్క క్షణం దాని మీద చెయ్యి వేసి, తీసేశాడు. "కోసెయ్," అన్నాడు. నిప్పురవ్వలు లేచాయి, పసుపు రంగు కాలి వాసనొచ్చింది. రెండు వైపులా వేలెడు రేకు ఊడి కింద పడింది. మళ్ళీ దించారు. ఈసారి బయట తగల్లేదు. లోపల మాత్రం అలాగే పట్టేసింది. అది రేకు కాదు, కారు మొత్తాన్ని మోసే ఇనుము. దాన్ని కోస్తే కారే ఉండదు.

మధ్యాహ్నం ఒంటిగంటకి షాపాయనకి ఫోన్ చేశాడు. ఆదివారం, షాపు మూసి ఇంట్లో ఉన్నాడు. విషయం అంతా విన్నాడు.

"కొలిచినప్పుడు కారు మీద బరువు పెట్టారాండీ?" అని మాత్రం అడిగాడు, మెత్తగా. ఆ మెత్తదనానికి వెర్నియర్‌కి తల కొట్టేసినట్టయింది. ఇంతకంటే చిన్న టైర్లు కావాలి, ఆ సైజు ఊళ్ళో లేదు, తెప్పించాలంటే నాలుగు రోజులు అన్నాడు షాపాయన. వేరే చక్రాలేవైనా ఇవ్వమంటే, ఆ బోల్టుల దూరానికి తన దగ్గర నల్లవీ మెరిసేవీ అన్నీ ఈ సైజువే. "పాతవున్నాయి కదండీ, నెమ్మదిగా ఒక్క రౌండుకైతే వాటితో పోనియ్యొచ్చు," అన్నాడాయన. వెర్నియర్ ఫోన్ పెట్టేశాడు.

తమ్ముడు షెడ్డు గుమ్మంలో కూర్చుని అంతా విన్నాడు.

"ఆయన వస్తానన్నాడు," అన్నాడు. "ఒక చక్రం పట్టుకుని వస్తానన్నాడు. గంట పనన్నాడు. నేనూ చెప్పా."

"అవున్రా."

"నా మాటంటే సరే, నేను సీట్లు కుట్టేవాణ్ణి. ఆయన మాటన్నా వినొచ్చు కదా. ఒక్కసారి, ఒక్కడి మాటైనా, జన్మలో ఒక్కసారి వింటే నీ సొమ్మేం పోయేదన్నా?" అంటూ లేచి నిలబడ్డాడు. "ఆ పాత చక్రాలున్నా వెళ్ళేవాళ్ళం. వాటినీ పగలగొట్టావు. నేనడిగింది ఏంటి? నేనేమన్నా ఆస్తడిగానా?"

ఏడుస్తూ తిట్టాడు. తమ్ముడు తిట్టడం అన్నకి కొత్త. తలొంచుకుని, చేతిలో గ్రైండరు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. తప్పైపోయిందిరా అనాలనుకున్నాడు. ఆ మాట ఎన్నడూ అన్నవాడు కాదు, నోట్లోనే ఉండిపోయింది. ఎర్ర రంగు పూసి పక్కన పెట్టిన సామాన్లు ఎన్ని వేలో. వాటిని చేసినవాళ్ళు తన బల్ల ముందు ఇలాగే నిలబడేవాళ్ళు. ఒక్కడి ముఖం కూడా అతను తలెత్తి చూసింది లేదు.

మరదలు బయటికొచ్చి ఇద్దరినీ చూసి, లోపలికి వెళ్ళిపోయింది. బట్టలు సర్దుకోవాలి, రిపోర్టులు పెట్టుకోవాలి. ఆస్పత్రికి వెళ్ళే వేళకి ఇంట్లో ఒకరైనా నిబ్బరంగా ఉండాలి కదా.

నాలుగింటికి తమ్ముడు ముఖం కడుక్కుని మళ్ళీ షెడ్డులోకి వచ్చాడు. అన్న కారు కింద పడుకుని, టైరుకీ ఫ్రేముకీ మధ్య కాగితం ముక్క దూర్చి చూస్తున్నాడు. ఇప్పుడు చూసి ఏం లాభం?

"లే అన్నా. దాన్ని పైకెత్తు."

"ఎందుకురా?"

"స్టాండ్ల మీద పెట్టు. పొద్దున ఎలా ఉందో అలా."

ఇద్దరూ కలిసి ఎత్తారు. వెర్నియర్ నాలుగు స్టాండ్లూ చేత్తో ఊపి, గట్టిగా ఉన్నాయని చూసుకున్నాడు. తమ్ముడు షెడ్డు తలుపులు బార్లా తెరిచి, వచ్చి తను కుట్టిన సీట్లో కూర్చున్నాడు. తాళం తిప్పాడు. ఇంజను దగ్గి, అందుకుంది. షెడ్డు రేకులు అదిరాయి.

"రా, ఎక్కు."

"ఒరేయ్..."

"పక్కన కూర్చుంటానన్నావా లేదా?"

ఎక్కి కూర్చున్నాడు. తమ్ముడు క్లచ్ తొక్కి గేరు వేశాడు. వెనక చక్రాలు గాల్లో తిరగడం మొదలుపెట్టాయి. రెండో గేరు, మూడో గేరు. మీటరు ముల్లు నలభై దాటింది, యాభై దాటింది. ఎక్కడా తగలడం లేదు, గీరుకోవడం లేదు. తలుపుల్లోంచి ఎదురింటి గోడా, గోడ మీద ఆరేసిన దుప్పటీ కనపడుతున్నాయి. అవి ఎక్కడివక్కడే ఉన్నాయి.

తమ్ముడు కాసేపు ఎదురుగా చూశాడు. తర్వాత స్టీరింగు వదలకుండానే తల తిప్పి, అన్న ముఖంలోకి చూడటం మొదలుపెట్టాడు.

"ముందుకి చూడరా," అన్నాడు వెర్నియర్ అలవాటుకొద్దీ.

"ముందు ఏముంది, గోడ. నువ్వు చూడు అటు. రోడ్డు ఎలా ఉందో నువ్వు చెప్పు. నేను నిన్ను చూస్తా."

వెర్నియర్ ముందుకి తిరిగాడు. చెంప మీద తమ్ముడి చూపు తగులుతూనే ఉంది. ఆ చూపులో కోపం ఉందేమో చూద్దామన్నా తిరిగే ధైర్యం లేదు. దవడ దగ్గర గడ్డం సరిగ్గా గీసుకోలేదని గుర్తొచ్చింది. వాడు ఇదే చూసి గుర్తుపెట్టుకుంటాడు కాబోలు అనుకున్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి లేవలేదు.

"చెప్పన్నా."

"ఫ్యాక్టరీ గోడ దాటాంరా," అన్నాడు. "గేటు తీసే ఉంది. వాచ్‌మన్ చెయ్యి ఊపుతున్నాడు."

"ఊ."

"రోడ్డు శుభ్రంగా ఉంది. ఎవరూ లేరు. రెండు పక్కలా గడ్డి... చాలా ఎత్తు పెరిగింది."

"ఎంత ఎత్తు?"

ఆ గడ్డిని అతను ఎన్నడూ కొలవలేదు. తమ్ముడు ఇంకొంచెం యాక్సిలరేటరు తొక్కాడు. ముల్లు డెబ్బై దగ్గర వణుకుతోంది.

"ఇంకా ఎంత దూరం ఉందన్నా?"

షెడ్డు గోడ మీద గడియారంలో ఐదూ పది. ఆస్పత్రికి ముప్పావుగంట. ఐదు నిమిషాల్లో దిగాలి. ఆ లెక్క వెర్నియర్‌కి తెలుసు, తమ్ముడికీ తెలుసు.

"చాలా ఉందిరా," అన్నాడు వెర్నియర్. "నువ్వు పోనియ్."

చేతిలో ఆస్పత్రి సంచితో తలుపు దగ్గరికి వచ్చిన మరదలు వాళ్ళిద్దర్నీ చూసి ఆగింది. పిలవబోయి, సంచి కింద పెట్టి, గోడకి చేరగిలబడి కూర్చుంది.